సీటు నంబరు లేని బోర్డింగ్ పాస్: చెకిన్ సిస్టమ్ ఆగిపోయిన ఒక ఉదయం

ఈ కేసులో విమానాశ్రయం పేరు, ఎయిర్‌లైన్ పేరు, తేదీ, ఫ్లైట్ నంబర్లు తీసేశాను. మనుషులకి పేర్లు పెట్టలేదు, హోదాలతోనే చెబుతాను. చెకిన్ సిస్టమ్ పడిపోవడం మా పనిలో కొత్త కాదు. అయినా ఈ ఒక్క ఉదయాన్ని రాసి పెడుతున్నది ఎందుకంటే, ఆ రోజు మేము మూడు పద్ధతులు మార్చాం. మొదటి రెండూ చూడటానికి చక్కగానే ఉన్నాయి. అవి ఎందుకు తప్పాయో అర్థమైతేనే మూడోది ఎందుకు నిలబడిందో తెలుస్తుంది.

నేపథ్యం

నేను గ్రౌండ్ హ్యాండ్లింగ్‌లో, అంటే విమానం నేల మీద ఉన్నప్పుడు ప్రయాణికుల, బ్యాగుల పని చూసే విభాగంలో, డ్యూటీ మేనేజర్‌ని. ఆ షిఫ్ట్‌లో ఐదు చెకిన్ కౌంటర్లు, రెండు గేట్లు, విమానం బరువు లెక్క చూసే ఒక లోడ్ కంట్రోలర్, కింద బ్యాగులు ఎక్కించి దించే ర్యాంప్ టీమ్ ఉన్నాయి. మొదటి ఫ్లైట్ 6:40కి, రెండోది 7:25కి. మొదటిది ఒకే నడవ ఉన్న విమానం. వరసకి ఆరు చొప్పున ముప్ఫై వరసలు, 180 సీట్లు. బుకింగ్ 172.

కౌంటర్ తెర వెనక నడిచేది డిపార్చర్ కంట్రోల్ సిస్టమ్. మేము డీసీఎస్ అంటాం. సీటు ఇచ్చేది అదే. బ్యాగుకి ట్యాగు కొట్టేదీ, ఆ ట్యాగు వివరాన్ని కింద బెల్టు వ్యవస్థకి పంపేదీ, గేటు దగ్గర ఎక్కినవాళ్లని లెక్కించేదీ, ఆ లెక్కని లోడ్ కంట్రోల్‌కి అందించేదీ అదే. ఐదు పనులకీ ఒకటే లెక్క. అది ఆగిన క్షణం నుంచి ఎవరి లెక్క వాళ్లు పెట్టుకోవడం మొదలవుతుంది. ఆ రోజు మాకొచ్చిన చిక్కులన్నీ అక్కడి నుంచి పుట్టినవే.

సిస్టమ్ ఎందుకు ఆగిందన్నది కౌంటర్‌లో ఉన్నవాళ్లకి పెద్దగా పనికొచ్చే ప్రశ్న కాదు. 2017 మే నెలలో బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కి డేటా సెంటర్‌లో కరెంటు దెబ్బ. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ పంపిన ఒక తప్పు అప్‌డేట్, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లని ఆపేసింది. 2025 సెప్టెంబర్‌లో హీత్రో, బ్రసెల్స్, బెర్లిన్ విమానాశ్రయాల్లో కాలిన్స్ ఏరోస్పేస్ చెకిన్ సాఫ్ట్‌వేర్ మీద సైబర్ దాడి. మూడు వేర్వేరు కారణాలు, కౌంటర్ దగ్గర మాత్రం అదే దృశ్యం: కదలని తెర, పెరిగే క్యూ, పెన్ను కోసం వెతికే చేయి.

సమస్య

4:10కి ఫ్లైట్ తెరిచాం. 5:02కి తెరలు నిలిచిపోయాయి. మొదట మూడో కౌంటర్, నిమిషంలో ఐదూ. ఎయిర్‌లైన్ హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేస్తే పది నిమిషాల్లో వచ్చేస్తుందన్నారు.

నా మొదటి పొరపాటు అక్కడే జరిగింది. ఆ పది నిమిషాలు ఆగాను. తర్వాత ఇంకో పది అన్నారు, ఆగాను. 5:24 దాకా ఒక్క బోర్డింగ్ పాస్ కూడా బయటికి వెళ్లలేదు. మాన్యువల్‌కి దిగితే మళ్లీ సిస్టమ్‌లోకి వెనక్కి రావడం కష్టమని నాకు తెలుసు, అందుకే తటపటాయించాను. ఆ భయంలో న్యాయం ఉంది కానీ, దాన్ని తూచాల్సింది హెల్ప్‌డెస్క్ మాటతో కాదు, నా ముందున్న గడియారంతో. అప్పటికి చెకిన్ కాని 73 మందికి ఐదు కౌంటర్లలో చేత్తో చెకిన్ చేయాలంటే మనిషికి రెండున్నర నిమిషాలు వేసుకున్నా ముప్ఫై ఏడు నిమిషాలు. మామూలుగా కౌంటర్ మూసే సమయం 5:40. అంటే ఐదు గంటల మూడు నిమిషాలకే మొదలెట్టాలి. ఈ లెక్క ఆ రోజు నేను వేయలేదు. తర్వాత వేశాను.

అప్పటికి చేతిలో ఉన్నదేమిటంటే, 4:05కి అలవాటుగా ప్రింట్ తీసిన ప్రయాణికుల జాబితా ఒకటి. అందులో వెబ్ చెకిన్ చేసిన 52 మంది సీట్లతో సహా ఉన్నారు. 5:02 లోపు కౌంటర్లలో 38 మందికి చెకిన్ అయింది. 4:05 తర్వాత ఇంకొందరు ఫోన్‌లోనే వెబ్ చెకిన్ చేసుకున్నారు. వాళ్లు తొమ్మిది మంది అని తర్వాత తేలింది. అంటే 47 మంది చేతిలో సరైన బోర్డింగ్ పాస్ ఉంది, వాళ్లు ఏ సీట్లలో ఉన్నారో మాకు తెలియదు. ఆ 38 మందిలో ఎవరు బ్యాగు ఇచ్చారో కూడా తెలియదు. అదంతా ఆగిపోయిన తెర వెనక ఉండిపోయింది.

చేసి చూసినవి, తప్పినవి

మొదటి పద్ధతి అందరికీ తోచేదే. సీటు చార్ట్‌కి ఐదు జిరాక్స్ కాపీలు తీసి కౌంటర్‌కి ఒకటి ఇచ్చాం. సీటు ఇచ్చినప్పుడల్లా గట్టిగా చెప్పాలి, మిగతా నలుగురూ కొట్టేసుకోవాలి. ఆరు నిమిషాలు నడిచింది. క్యూలో జనం అరుస్తుంటే ఎవరు ఏం చెప్పారో వినపడలేదు. 14సి రెండు కౌంటర్ల నుంచి ఇద్దరికి వెళ్లింది. ఒకరిని వెనక్కి పిలిచి కొత్త పాస్ రాసిచ్చాం. ఆ పాత పాస్ వెనక్కి తీసుకుని చింపేయాలన్న ఆలోచన ఆ హడావుడిలో ఎవరికీ రాలేదు. దాని కథ కింద వస్తుంది.

రెండో పద్ధతి మీద నాకు నమ్మకం ఎక్కువ ఉండేది. చార్ట్‌ని పంచుకోవడం బదులు వరసల్నే పంచేశాం. ఒకటో కౌంటర్‌కి 1 నుంచి 6 వరసలు, రెండో దానికి 7 నుంచి 12, అలా ఐదింటికీ. ఎవరి వరసలు వాళ్లవి కాబట్టి ఒకే సీటు రెండుసార్లు వెళ్లే వీలు లేదు, అరుచుకోవాల్సిన అవసరమూ లేదు. కౌంటర్ల మధ్య గొడవ నిజంగానే ఆగింది. కానీ ఆ 47 మంది ఉన్నారు కదా. మేము ఖాళీ అనుకుని ఇచ్చిన సీట్లలో వాళ్లు అప్పటికే ఉన్నారు. పది నిమిషాల్లో నాలుగు సీట్లు ఢీకొన్నాయని లోపల గేటు దగ్గర నుంచి ఫోన్ వచ్చింది.

ఇంకో సమస్యని లోడ్ కంట్రోలర్ పట్టుకుంది. ఐదో కౌంటర్ ముందు ఒక పెద్ద బృందం నిలబడి ఉంది. ఆ కౌంటర్‌కి చివరి వరసలు. బృందం మొత్తం తోక వైపు చేరుతోంది. "సార్, వెనక బరువెక్కిపోతోంది. ఇలాగే పోతే ట్రిమ్ లిమిట్ దాటుతుంది, నేను షీట్ మీద సంతకం పెట్టను" అంది. విమానంలో మనుషులు ఎంతమంది అన్నది సగం లెక్కే. ముందు, మధ్య, వెనక భాగాల్లో ఎంతమంది ఉన్నారన్నది మిగతా సగం. బరువు కేంద్రం ఆ ట్రిమ్ హద్దులో ఉందో లేదో తేలేది దాన్నిబట్టే.

"ఎవరికి నచ్చిన చోట వాళ్లు కూర్చోమందాం, ఎగిరిపోతుంది" అని ఒకరన్నారు. విమానం నిండుగా ఉంటే ఆ మాట కొంత చెల్లుతుంది, ఎటూ అన్ని సీట్లూ నిండుతాయి కాబట్టి. అయినా ఒప్పుకోలేదు. ఎమర్జెన్సీ ద్వారం పక్కన పిల్లలున్న కుటుంబం కూర్చోకూడదు. ఒక పక్కనున్న మూడు సీట్లకి అదనంగా ఉండే ఆక్సిజన్ మాస్క్ ఒక్కటే, కాబట్టి చంకపిల్లలున్న ఇద్దరు తల్లులు అక్కడ పక్కపక్కన కూర్చోకూడదు. పైగా అప్పటికే సీటు నంబరున్న 99 మంది ఉన్నారు. వాళ్ల సీట్లలో వేరేవాళ్లు కనిపిస్తే తగువులు తీర్చడానికే అరగంట పడుతుంది.

పనిచేసింది

5:41కి కౌంటర్ ఇన్‌చార్జి ఒక ప్రశ్న అడిగింది. "సార్, అసలు సీటు మనమే ఎందుకు ఇవ్వాలి?" ఆ ఉదయం మలుపు తిరిగింది ఆ ప్రశ్న దగ్గరే.

కౌంటర్‌లో తప్పనిసరిగా జరగాల్సినవి రెండే: మనిషిని గుర్తింపు కార్డుతో సరిచూడటం, బ్యాగు తీసుకోవడం. సీటు అక్కడ అక్కర్లేదు. పాస్ మీద పేరు, ఫ్లైట్, చెకిన్ క్రమ సంఖ్య రాసి, సీటు గడిలో "గేటు" అని రాస్తే చాలు. సీటు చార్ట్ ఒక్కటే ఉంటుంది, అది గేటు దగ్గర ఒకే మనిషి చేతిలో ఉంటుంది. ఆ 47 మందీ ఎలాగూ అక్కడికే వస్తారు, పాస్ చూపిస్తారు, వాళ్ల సీట్లు ముందు చార్ట్ మీద కొట్టేసుకోవచ్చు. తర్వాత మిగిలిన సీట్లే పంచుతాం. కాపీలూ ఉండవు, ఊహలూ ఉండవు.

అలాంటి పాస్‌ని సెక్యూరిటీ లోపలికి వదలదేమోనన్న అనుమానం వచ్చింది. నేనే వెళ్లి సెక్యూరిటీ ఇన్‌చార్జికి నమూనా పాస్ ఒకటి ఇచ్చి, మా ముద్ర ఎలా ఉంటుందో, ఏ ముగ్గురి సంతకాలు చెల్లుతాయో కాగితం మీద రాసిచ్చాను. చేతిరాత పాస్ ఎవరైనా రాసుకోవచ్చు. దాన్ని నమ్మమని అడిగేటప్పుడు, దేన్ని నమ్మకూడదో కూడా మనమే చెప్పాలి. ఆ నాలుగు నిమిషాలు దండగ కాలేదు, దారిలో ఒక్కరినీ ఆపలేదు.

గేటు బల్ల దగ్గర ఇద్దరిని కూర్చోబెట్టాను. సీనియర్ చేతిలో చార్ట్, పెన్సిల్ కాదు పెన్ను. పక్కనున్న కుర్రాడు పాస్ తీసుకుని సీటు చదువుతాడు, ఆవిడ కొట్టేసి తిరిగి చదువుతుంది. ఆ తిరిగి చదవడం వల్లే 9ఎఫ్, 19ఎఫ్ ఒకసారి తారుమారు కాకుండా ఆగాయి. లోడ్ కంట్రోలర్ ఫోన్‌లోనే ఉంది. "ఇప్పుడు ముందువైపు నింపండి", "పది నుంచి ఇరవై చాలు" అని చెబుతుంటే సీట్లు ఆ ప్రకారమే పంచాం. బృందంలో ఇంకా సీట్లు దొరకనివాళ్లని ముందు వరసలకి తెచ్చాం. రెండో పద్ధతిలో తోక వైపు పేరుకున్న బరువు ఇలా సర్దుకుంది.

బ్యాగులు

ఈ భాగం మీద ఎక్కువ రాస్తాను. ప్రయాణికులు చూసేది బోర్డింగ్ పాస్‌నే కాబట్టి చర్చంతా దాని చుట్టూ తిరుగుతుంది. నా నిద్ర చెడగొట్టేవి మాత్రం బ్యాగులే.

మనిషి ఎక్కకుండా అతని బ్యాగు వెళ్లకూడదు. 1985 జూన్ 23న అట్లాంటిక్ మీద పేలిపోయిన ఎయిర్ ఇండియా 182లో 329 మంది చనిపోయారు. ఆ బాంబున్న సూట్‌కేసుతో చెకిన్ చేసిన మనిషి విమానం ఎక్కనే లేదు. 1988 డిసెంబర్ 21న స్కాట్లాండ్‌లోని లాకర్‌బీ మీద కూలిన విమానంలోనూ బాంబు యజమాని తోడు లేని సూట్‌కేసులోనే వెళ్లింది. ఈ నియమం అలా వచ్చింది. సిస్టమ్ పనిచేస్తుంటే దీన్ని అదే చూసుకుంటుంది. లేనప్పుడు కాగితం మీద చూసుకోవాలి.

మా దగ్గర ముందుగా ముద్రించి ఉంచిన ఫాల్‌బ్యాక్ ట్యాగులు ఉంటాయి. బ్యాగు ట్యాగు మీద పది అంకెల నంబరుంటుంది. ఈ అత్యవసర ట్యాగుల్లో మొదటి అంకె 1. డీసీఎస్ నుంచి సమాచారం రాకపోయినా, ఆ నంబరు చూసి ఏ గమ్యానికి పంపాలో బెల్టు వ్యవస్థ గుర్తుపట్టగలదు. కానీ ఈ గమ్యానికి మా కిట్‌లో ఉన్నవి యాభై. అవి అయిపోయాక మిగిలిన బ్యాగులకి చేత్తో రాసి, బెల్టు మీద వేయకుండా ట్రాలీల మీద కిందికి దించాం.

సరిచూడటానికి బింగో షీట్ వాడాం. గళ్లున్న పెద్ద కాగితం అది. బ్యాగు ట్రాలీలోకి ఎక్కేటప్పుడు దాని ట్యాగు నుంచి నంబరున్న చిన్న స్టిక్కర్ పీకి గడిలో అంటిస్తారు. ట్రాలీకి ఒక షీట్. ఇది బ్యాగుల వైపు లెక్క. మనుషుల వైపు లెక్క కోసం, ఎక్కే ప్రతి ఒక్కరి పాస్ వెనక అంటించి ఉన్న బ్యాగు రసీదు నంబర్ని గేటు దగ్గర రాసుకున్నాం. కౌంటర్‌లో ఎవరు బ్యాగు ఇచ్చారో తెలియని ఆ 38 మంది సంగతి కూడా దీంతోనే తేలింది. వాళ్ల సమాచారం తెర వెనక ఉన్నా, రసీదు వాళ్ల జేబులోనే ఉంది. షీట్‌లో ఉండి గేటు జాబితాలో లేని నంబరే రాని మనిషి బ్యాగు.

అలా ఒకటి తేలింది. రెండో ట్రాలీ షీట్‌లో, మూడో వరస. ర్యాంప్ సూపర్‌వైజర్ ఆరు నిమిషాల్లో బ్యాగు దించాడు. అన్ని స్టిక్కర్లూ ఒకే కాగితం మీద ఉండి ఉంటే నూరు పైన బ్యాగులు తిరగేయాల్సి వచ్చేది. ఆ ప్రయాణికుడు వేరే గేటు దగ్గర కూర్చుని ఉన్నాడు. బ్యాగుతో పాటు తర్వాతి ఫ్లైట్‌లో వెళ్లాడు.

కనెక్టింగ్ ఫ్లైట్ ఉన్న 19 మంది బ్యాగులకి మొదటి ఊరి దాకానే ట్యాగు వేశాం. ముందుకి వెళ్లే ఫ్లైట్ వివరం చేత్తో రాస్తే అవతల ఏ యంత్రమూ చదవదు. అక్కడ తీసుకుని మళ్లీ ఇవ్వాలని ప్రతి ఒక్కరికీ చెప్పాం, చీటీ రాసివ్వలేదు. నలుగురు మర్చిపోయారు. వాళ్ల బ్యాగులు బెల్టు మీద తిరుగుతూ ఉండిపోయాయి. హడావుడిలో నోటిమాట నిలవదని నేను ముందే ఊహించాల్సింది.

సిస్టమ్ తిరిగొచ్చింది

6:03కి తెరలు వెలిగాయి. కౌంటర్లలో చప్పట్లు. ఆ రోజు మొత్తంలో అతి ప్రమాదకరమైన నిమిషాలు అవే.

"సార్, సిస్టమ్ వచ్చేసింది, ఎక్కించేస్తున్నా!" అని నాలుగో కౌంటర్ అమ్మాయి ఉత్సాహంగా కాగితాలు ముందేసుకుని చెకిన్ కొట్టడం మొదలుపెట్టింది. నేను చేరేలోపు పదకొండు మంది అయిపోయారు. ఆమెని తప్పుపట్టను, ఏం చేయాలో నేను చెప్పలేదు. సిస్టమ్‌కి మా గేటు చార్ట్ సంగతి తెలియదు. తనకి ఖాళీగా కనిపించిన సీట్లు ఇచ్చేసింది. ఇద్దరికి ప్రింటు పాస్‌లు కూడా చేతికి వెళ్లాయి. లోడ్ కంట్రోల్ తెర మీద ఇంకో అంకె కనిపించడం మొదలైంది. ఒక విమానానికి రెండు లెక్కలు.

అంకె తప్పితే ఏమవుతుందో చూపించే ఉదాహరణ ఒకటుంది. 2020 జులై 21న బర్మింగ్‌హామ్ నుంచి పాల్మా వెళ్లిన ఒక బోయింగ్ 737లో, పేరు ముందు "మిస్" అని నమోదైన పెద్దవాళ్లని సాఫ్ట్‌వేర్ పిల్లలుగా లెక్కగట్టింది. లోడ్ షీట్ మీద బరువు అసలు కంటే 1,244 కిలోలు తక్కువ పడింది. విమానం క్షేమంగానే వెళ్లింది. అది మామూలుగా పనిచేస్తున్న సిస్టమ్. మాది సగం కాగితం, సగం తెర.

నిర్ణయం ఇదీ: మొదటి ఫ్లైట్ చివరి దాకా కాగితం మీదే వెళ్తుంది. విమానం కదిలాకే ఎంట్రీ. ఆ పదకొండు చెకిన్లూ రద్దు చేసి, ఆ ఫ్లైట్‌ని సిస్టమ్‌లో ఎవరూ ముట్టకూడదని ఐదు కౌంటర్లకీ నేనే నడిచి వెళ్లి చెప్పాను. రెండో ఫ్లైట్‌కి చేత్తో అయినవాళ్లు అప్పటికి పద్నాలుగు మందే. వాళ్లని వెనక్కి పిలిచి, పాత పాస్‌లు తీసుకుని, పూర్తిగా సిస్టమ్‌లోకి మారాం. గీత ఎక్కడ గీయాలో ఆ అంకెలే చెప్పాయి. పద్నాలుగు మందిని ఒక్కొక్కరినీ మళ్లీ చూడగలం. గేటు దగ్గర చేరిన నూట ఏభై మందిని చూడలేం.

తలుపు మూసే ముందు క్యాబిన్ సిబ్బంది తలలు లెక్కపెట్టారు. 166. గేటు దగ్గర చింపిన పాస్ ముక్కలు 167. మళ్లీ లెక్కపెట్టాం, మళ్లీ అవే అంకెలు. ఒక్కటే కదా అనిపిస్తుంది. ఆ ఒక్కరు ఎక్కి దిగిపోయారా, అసలు ఎక్కలేదా, వాళ్ల బ్యాగు కింద ఉందా అన్నది తేలకుండా తలుపు మూయలేం. ముక్కలన్నీ బల్ల మీద పరిచి క్రమ సంఖ్యల ప్రకారం పేర్చాం. ఒకే పేరు, ఒకే క్రమ సంఖ్య రెండు ముక్కల మీద కనిపించాయి. ఒకదాని మీద 14సి. ఉదయం మేము వెనక్కి తీసుకోని పాత పాస్ అది. నలుగురున్న కుటుంబంలో తండ్రి ఐదు పాస్‌లూ కలిపి చేతికిచ్చాడు, కుర్రాడు ఐదూ చింపాడు. తొమ్మిది నిమిషాలు పోయాయి. 7:06కి విమానం కదిలింది, 26 నిమిషాలు ఆలస్యం.

నేర్చుకున్నవి

ఇప్పుడు ఫ్లైట్ తెరిచినప్పటి నుంచి ప్రతి ఇరవై నిమిషాలకీ సీట్లు, బ్యాగు నంబర్లతో జాబితా ప్రింట్ తీస్తాం. సిస్టమ్ బాగున్న రోజుల్లో ఆ కాగితాలు చెత్తబుట్టలోకే పోతాయి, పోనివ్వండి. ఆ రోజు 4:50 నాటి జాబితా ఒకటి ఉండి ఉంటే ఆ 47 మందిలో చాలామంది సంగతి ముందే తెలిసేది. తెర ఆగి ఎనిమిది నిమిషాలైతే హెల్ప్‌డెస్క్ ఏం చెప్పినా మాన్యువల్‌కి దిగుతాం. ఆ నిర్ణయం డ్యూటీ మేనేజర్‌ది, నా పై అధికారిని కూడా అడగక్కర్లేదని రాయించాను. కొత్త పాస్ రాసేవాళ్ల చేతిలో పాతది ఉండాలి. కిట్‌లో గమ్యానికి రెండు వందల ట్యాగులు, కనెక్టింగ్ ప్రయాణికులకి ముందే అచ్చేసిన చీటీలు పెట్టాం. నెలకోసారి ఖాళీ వేళలో ఒక కౌంటర్ తెర ఆపేసి, కొత్తగా చేరినవాళ్లతో చేతిరాత చెకిన్ చేయిస్తాం. లోడ్ కంట్రోలర్లు కూడా చేత్తో ట్రిమ్ షీట్ నింపుతారు.

ఒక సంగతి మరుసటి రోజు సాయంత్రం గానీ బయటపడలేదు. ఫ్లైట్ వెళ్లాక 166 మందినీ సిస్టమ్‌లోకి ఎక్కించాలి. ఎక్కించనివాళ్లు అసలు రానివాళ్ల కింద నమోదవుతారు. అలా నమోదైతే వాళ్ల తిరుగు ప్రయాణం టికెట్టు రద్దవుతుంది. అలసిపోయిన షిఫ్ట్ చివర ఒక్కరే కూర్చుని కొట్టారు. ముగ్గురు జారిపోయారు. అందులో ఒక పెద్దావిడ తిరుగు ఫ్లైట్‌కి వచ్చి కౌంటర్ దగ్గర నిలబడితే, ఆమె బుకింగే లేదన్నారు. మేము రాసిచ్చిన చేతిరాత పాస్ ముక్క ఆమె పర్సులో మడతపెట్టి ఉంది. దాని ఫొటో అక్కడి సిబ్బంది మాకు పంపారు. మా ముద్ర, మా సంతకం, గేటు దగ్గర పెన్నుతో రాసిన 22ఎ. అరగంటలో టికెట్టు సరిచేయించాం, ఆమె అదే ఫ్లైట్‌లో వెళ్లింది. అప్పటి నుంచి ఆ ఎంట్రీ ఇద్దరు చేస్తున్నారు: ఒకరు పాస్ ముక్క చూసి పేరు చదువుతారు, ఇంకొకరు కొడతారు, కొట్టిన ముక్కని రెండో డబ్బాలో వేస్తారు. మొదటి డబ్బా ఖాళీ అయ్యాకే షిఫ్ట్ దిగుతారు.